మహిమ అంటే బరువు

తెలుగులో 'మహిమ' అనే మాటతో ఒక చిక్కు ఉంది. మామూలు వాడుకలో మహిమ అంటే అద్భుతం. ఫలానా చెట్టుకు మహిమ ఉందంటారు, ఫలానా బాబా మహిమలు చూపిస్తాడంటారు, మొండి జ్వరం ఒక్క మందుకే తగ్గితే అదంతా ఆ డాక్టరు చేతి మహిమ అంటారు. ఏదో ఒకటి జరగాలి, అది కంటికి కనపడాలి, చూసినవాళ్లు నోరెళ్లబెట్టాలి. అప్పుడే అది మహిమ. సరిగ్గా ఇదే మాట తెలుగు బైబిల్లో ఎన్నో చోట్ల ఉంది. ఆదివారం గుడిలో 'దేవునికే మహిమ' అని చేతులెత్తే విశ్వాసి మనసులో చాలాసార్లు వీధిలో నేర్చుకున్న అర్థమే ఉంటుంది.

ఉజ్జీవ సభల, అంటే విశ్వాసాన్ని మళ్లీ రగిలించడానికి పెట్టే క్రైస్తవ కూటాల, ఫ్లెక్సీలు చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే దారిలో అవి కనపడని నెల ఉండదు. మూడు రాత్రులు రండి, దేవుని మహిమను కళ్లారా చూడండి అనే ధోరణిలో ఉంటాయి. ఆ సభలకు వెళ్లేవాళ్లలో ఊరికే వెళ్లేవాళ్లు తక్కువ. అమ్మాయికి సంబంధం కుదరక ఒకరు, వడ్డీ కట్టలేక ఒకరు, స్కానింగ్‌లో గడ్డ ఉందని చెప్పాక నిద్రపట్టక ఒకరు వెళ్తారు. కష్టంలో దేవుణ్ణి అడగడం తప్పు కాదు, అడగమనే యేసు చెప్పాడు. అయితే మహిమ అంటే బాగుపడటమే అని మనసులో పడిపోయాక బాగుపడనివాళ్ల సంగతేమిటి? దేవుడు తమకు చేసిన మేలు గురించి పక్కింటివాళ్లు అందరి ముందూ సాక్ష్యం చెప్తుంటే వాళ్లు తలొంచుకుని కూర్చుంటారు. దేవుడు అందరి ఇంటికీ వచ్చి తమ ఇంటి ముందు నుంచి వెళ్లిపోయాడనుకుంటారు. ఈ మాటకు అసలు అర్థం ఏమిటో తేల్చుకోవడం ముందుగా వాళ్లకు అవసరం.

పాత నిబంధనలో మహిమ అని తర్జుమా అయిన హీబ్రూ మాట 'కాబోద్'. దాని మూలంలో ఉన్నది వెలుగు కాదు, బరువు. మొదటి సమూయేలు నాలుగో అధ్యాయంలో ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే కనపడతాయి. దేవుని సన్నిధికి గుర్తైన పెట్టె, మందసం, శత్రువులైన ఫిలిష్తీయుల చేతికి చిక్కిందని విని ముసలి యాజకుడు ఏలీ పీఠం మీద నుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోతాడు. అతను స్థూలదేహి, అంటే బరువైన మనిషి అని ఆ కథ చెప్పేవాడు ప్రత్యేకంగా గుర్తు చేస్తాడు. ఆ 'బరువైన' అన్న మాటా, 'కాబోద్' అన్న మాటా ఒకే ధాతువులోంచి వచ్చాయి. కొద్ది వచనాల తరువాత ఏలీ కోడలు ప్రసవ వేదనలో చనిపోతూ బిడ్డకు ఈకాబోదు అని పేరు పెడుతుంది. మహిమ పోయింది అని దాని భావం. ఒంటి బరువు ఉన్న యాజకుడు ఉన్నాడు కానీ, ఆ ఇంటికి ఉండాల్సిన అసలు బరువు పోయింది.

ఇది తెలుగువాళ్లకు అందని ఊహేమీ కాదు. ఒకరి మాటకు బరువుందంటాం. బరువు బాధ్యతలంటాం. 'ఘన' అనే మాటనే తీసుకుంటే, ఘనపదార్థం అంటే గట్టిగా ఉండేది, ఘనత అంటే గౌరవం. హీబ్రూలో జరిగినదే ఇక్కడా జరిగింది. అందుకేనేమో తెలుగు బైబిల్లో మహిమతో పాటు ఘనత అనే మాట కూడా పదే పదే వస్తుంది. అష్టసిద్ధుల్లో చెప్పే మహిమ, గరిమ అనే రెండు మాటల్లో మొదటిదానికి పెద్దగా పెరగడం అని, రెండోదానికి బరువెక్కడం అని అర్థం. కాబోద్‌కు ఈ రెండోదే దగ్గర. తర్జుమా చేసినవాళ్లు మహిమ అన్నారు, అది స్థిరపడిపోయింది. ఇప్పుడు మార్చాల్సిన పని లేదు. కానీ ఆ మాట పలికినప్పుడల్లా మెరుపుతో పాటు బరువు కూడా గుర్తుకు రావాలి.

బరువు గురించి గుంటూరువాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. మిర్చి యార్డులో సీజన్‌లో టిక్కీల మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటాయి. కొనే మనిషి నేరుగా కాటా దగ్గరికి పోడు. ముందు కాయ బయటికి లాగి చూస్తాడు. రంగు చూస్తాడు, తాలు ఎంతుందో చూస్తాడు, చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండిందని లెక్క. వేళ్ల మధ్య మెత్తగా వంగితే తేమ ఉన్నట్టు. తేమ ఉన్న కాయ కాటా మీద బాగానే తూగుతుంది, కానీ నాలుగు రోజులు ఎండ తగిలితే ఆ బరువు ఉండదు. విశ్వాసి అనుభవాల్లోనూ ఇలాంటి తేమ బరువు ఉంటుంది. సభ జరిగిన రాత్రి గుండె నిండిపోయినట్టు ఉంటుంది, కన్నీళ్లు ఆగవు, జీవితం మారిపోయిందనిపిస్తుంది. గురువారం నాటికి ఇంట్లో అదే అరుపులు, అదే అబద్ధాలు. ఆ రాత్రి వచ్చిన కన్నీళ్లు దొంగవని కాదు. అవి తేమ అయినంత మాత్రాన గింజ అయిపోవు, అంతే.

ఈ తేడాను బైబిల్ దాచలేదు. నిర్గమకాండంలో ఇశ్రాయేలు ప్రజలు చూసినన్ని మహిమలు, అంటే వీధి అర్థంలో, మరొకరు చూసి ఉండరు. సముద్రం పాయలైంది. ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసింది. సీనాయి కొండ మీద యెహోవా మహిమ దహించే అగ్నిలా వాళ్ల కళ్లకు కనపడిందని ఇరవై నాలుగో అధ్యాయం చెప్తుంది. వాళ్ల నాయకుడు మోషే ఆ కొండ మీద నలభై రోజులు ఉన్నాడు. ఆ నలభై రోజులూ గడిచేలోపే కింద బంగారు దూడ తయారైంది. అగ్ని ఇంకా కొండ మీద ఉండగానే వాళ్లు దూడ చుట్టూ నాట్యమాడారు. కళ్లతో చూసినంత మాత్రాన మనిషి మారతాడనేది నిజమైతే ఆ తరం అంతా పరిశుద్ధులై ఉండాలి. మహిమ వాళ్ల ముందు మెరిసింది, వాళ్ల లోపల మాత్రం దిగలేదు. అంతకు ముందే, ఇరవయ్యో అధ్యాయంలో, ఒక చిన్న వాక్యం ఉంది. ప్రజలు దూరంగా నిలబడ్డారు, మోషే దేవుడున్న గాఢాంధకారానికి దగ్గరగా వెళ్లాడు. తేడా అంతా ఆ దూరంలో ఉంది.

ఆ దూడ గొడవ అయ్యాకే మోషే 'దయచేసి నీ మహిమను నాకు చూపుము' అని అడుగుతాడు. అడిగిన సందర్భాన్ని వదిలేసి ఈ ప్రార్థన ఒక్కటే తీసుకుంటే దాని లోతు తెలియదు. అప్పటికి అతను అద్భుతాలకు మొహం వాచిన మనిషి కాదు, అవన్నీ అతని చేతుల మీదుగానే జరిగాయి. నమ్మిన జనం మోసం చేశారు, అన్న అహరోను చేతులెత్తేశాడు, ముందున్నది ఎడారి. ఆ స్థితిలో ఉన్న మనిషి అడిగాడు. వచ్చిన జవాబు ఇంకా ఆశ్చర్యం. మహిమ చూపించమంటే దేవుడు 'నా మంచితనమంతయు నీ యెదుట కనుపరచెదను' అన్నాడు. తరువాతి అధ్యాయంలో మేఘంలో దిగి వినిపించినది కూడా కనికరం, దయ, దీర్ఘశాంతం, కృప, సత్యం గల దేవుడనే తన నామమే. అక్కడ మోషే ఏం చూశాడో వర్ణన లేదు, ఏం విన్నాడో ఉంది. దేవుని మహిమ అంటే దేవుని గుణమే, దాని పూర్తి బరువుతో.

ప్రవక్త యెషయాకు కలిగిన దర్శనం ఇంకో వైపు చూపిస్తుంది. ఉజ్జియా రాజు చనిపోయిన సంవత్సరం అది. చాలాకాలం ఏలిన రాజు పోతే దేశం ఎంత దిగులు పడుతుందో చెప్పనక్కర్లేదు. దేవాలయంలో యెషయా ప్రభువును చూశాడు, సెరాపులనే దూతలు 'పరిశుద్ధుడు' అని మూడుసార్లు అనడం విన్నాడు. అతని నోట వచ్చిన మొదటి మాట స్తోత్రం కాదు, 'అయ్యో'. నా పెదవులు అపవిత్రమైనవి అన్నాడు. ప్రవక్తకు పెదవులే పనిముట్లు. తనలో బాగా ఉందనుకున్న చోటే చెడిపోయినట్టు కనపడింది. ఒక సెరాపు తెచ్చిన నిప్పు ఆ పెదవులకే తగిలింది, పిలుపూ ఆ పెదవులకే వచ్చింది. ఆ తరువాతే 'నేనున్నాను, నన్ను పంపుము' అన్నాడు. ఈ వరుస తారుమారైతే ప్రమాదం. 'అయ్యో' అనకుండా 'నన్ను పంపుము' అనేవాళ్లు స్టేజీలు ఎక్కుతారు, మైకులు పట్టుకుంటారు. వాళ్ల సేవలో చప్పుడు ఉంటుంది, విరిగిన గుండె ఉండదు.

యెషయా భయపడ్డాడు. దేవుని మహిమను ఎదుర్కొన్నవాళ్లలో చాలామంది భయపడ్డారు. బేత్లెహేము పొలంలో గొర్రెల కాపరులు మిక్కిలి భయపడ్డారని లూకా రాశాడు. ఈ భయం మనిషికి బలం ఎలా అవుతుందన్న ప్రశ్నకు జవాబు యోహాను సువార్త పన్నెండో అధ్యాయంలో ఉంది. యెషయా ఆయన మహిమను చూశాడని చెప్పిన వెంటనే యోహాను ఇంకో సంగతి చెప్తాడు. యూదుల అధికారుల్లో చాలామంది యేసును నమ్మారు, కానీ సమాజమందిరం నుంచి వెలివేస్తారేమోనని బయటికి చెప్పలేదు. వాళ్లు దేవుని మెప్పుకంటే మనుషుల మెప్పును ఎక్కువగా కోరుకున్నారు. ఇక్కడ తెలుగులో 'మెప్పు' అన్న చోట గ్రీకులో ఉన్నది 'డోక్సా', అంటే మహిమ అని తర్జుమా చేసే అదే మాట. రెండు మహిమలు తూకానికి పెట్టి ఉన్నాయి. ఆ అధికారులకు మనుషులది ఎక్కువ తూగింది.

'నలుగురూ ఏమనుకుంటారో' అనే మాట మన ఇళ్లలో ఎన్ని నిర్ణయాలు చేస్తుందో అందరికీ తెలుసు. తాహతుకు మించి పెళ్లి చేసి పదేళ్లు అప్పు తీర్చేది ఆ నలుగురి కోసమే. పిల్లాడికి మార్కులు తగ్గితే వాడి బాధ కన్నా బంధువులకు ఏం చెప్పాలన్న టెన్షనే ఎక్కువ. విజయవాడ, గుంటూరు కోచింగ్ సెంటర్ల చుట్టూ పెరిగిన పిల్లల్ని అడిగితే చెప్తారు. ఆ నలుగురి బరువు తగ్గాలంటే ధైర్యం తెచ్చుకో అని చెప్తే చాలదు, వాళ్లకన్నా బరువైనవాడు మనసులోకి రావాలి. దేవుని మహిమ విశ్వాసికి మొదటగా చేసే మేలు ఇదే. ఒక్క భయం వచ్చి వంద భయాలను పలుచన చేస్తుంది. పై అధికారి దొంగ లెక్క మీద సంతకం పెట్టమంటే పెట్టనని చెప్పగలిగే గుమాస్తా పెద్ద వీరుడేమీ కాకపోవచ్చు. ఆ గదిలో ఎవరు పెద్ద అన్నది అతని మనసులో ముందే తేలిపోయింది.

యేసు శిష్యుడు పేతురు కథలో కొండ మీది అనుభవానికి ఉన్న హద్దు కూడా కనపడుతుంది. రూపాంతర కొండ మీద యేసు ముఖం సూర్యుడిలా ప్రకాశించింది. పేతురు ఇక్కడే ఉండిపోదాం, మూడు పర్ణశాలలు కడతాను అన్నాడు. ప్రతి మంచి సభ తరువాతా విశ్వాసికి ఇదే అనిపిస్తుంది. కానీ యేసు వాళ్లను కిందికి తీసుకెళ్లాడు. అక్కడ మూర్ఛలతో పడిపోయే ఒక పిల్లాడు, ఏడుస్తున్న తండ్రి, ఏమీ చేయలేక నిలబడిన మిగతా శిష్యులు ఉన్నారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడలో గుణదల మాత ఉత్సవాలకు వచ్చి కొండెక్కే వేలాదిమంది కూడా సాయంత్రానికి దిగి, బస్టాండులోనో రైల్వే స్టేషన్లోనో జనంలో కలిసిపోతారు. ఎక్కిన మనిషే దిగాడా, మారిన మనిషి దిగాడా అన్నది ఇంటికి వెళ్లాకే తెలుస్తుంది. పేతురు సంగతైతే, ఆ మహిమను చూసిన తరువాత కూడా కోడి కూసేలోపు మూడుసార్లు యేసు ఎవరో ఎరగనన్నాడు. ఇది దాచకుండా రాసి ఉండటం ఎంత ఓదార్పు!

తరువాత ఎప్పుడో పేతురు తన రెండో పత్రికలో ఆ కొండను గుర్తు చేసుకుంటాడు. ఆ శబ్దం మేము విన్నాం అంటాడు. అక్కడితో ఆగితే అది ఒక సాక్ష్యం. కానీ వెంటనే 'ఇంతకంటె స్థిరమైన ప్రవచనవాక్యము మనకున్నది' అంటాడు. చీకటిగల చోట వెలుగిచ్చే దీపం అని ఆ వాక్యాన్ని పోలుస్తాడు. కొండ మీద సూర్యుడిలాంటి వెలుగు చూసిన మనిషి చివరికి చేతిలో దీపం దగ్గర నిలబడ్డాడు. తెల్లవారుజామున కరెంటు లైటు కింద కళ్లజోడు పెట్టుకుని నాలుగు వచనాలు చదివి పనిలోకి దిగే గృహిణి, తాను ఏ మహిమా చూడలేదనుకుంటుంది. పేతురు లెక్కలో ఆమె తక్కువ చోట ఏమీ లేదు.

దీనికి తోడు ఈ రోజుల ఆరాధన గురించి ఒక మాట చెప్పుకోవాలి. కీబోర్డు, ప్యాడ్స్, పెద్ద సౌండ్ సిస్టం వచ్చాక చాలా మందిరాల్లో పాట స్థాయిని బట్టి దేవుని సన్నిధిని కొలిచే అలవాటు వచ్చింది. పాట పైకి వెళ్తే మహిమ దిగిందంటారు, కరెంటు పోతే కూటం చప్పబడిందంటారు. సంగీతం దేవుడిచ్చిన వరమే, కానీ సన్నిధికి అది కొలత కాదు. కర్మెలు కొండ మీద అగ్ని కురిపించిన ప్రవక్త ఏలీయా ఆ తరువాత బదరీ చెట్టు కింద కూర్చుని చచ్చిపోతే బాగుండునన్నాడు. దూత అతనికి రొట్టె పెట్టింది, నీళ్లిచ్చింది, పడుకోనిచ్చింది, మళ్లీ లేపి తినమంది. హోరేబు కొండ మీద గాలిలో యెహోవా లేడు, భూకంపంలో లేడు, అగ్నిలో లేడు. ఆ తరువాత మిక్కిలి నిమ్మళంగా మాట్లాడే ఒక స్వరం వినపడింది. 'నిమ్మళం' అన్న మాట తర్జుమా చేసినవాళ్లకు ఎలా తట్టిందో గానీ, విరిగిపోయిన మనిషికి కావలసినది సరిగ్గా అదే. ఆ నిమ్మళంలోంచి లేచి ఏలీయా తిరిగి పనిలోకి వెళ్లాడు.

ఇక మార్పు ఎలా జరుగుతుందో ఒక్క వచనంలో చూడాలంటే రెండో కొరింథీయులకు మూడో అధ్యాయం పద్దెనిమిదో వచనం. ముసుకు లేని ముఖంతో ప్రభువు మహిమను అద్దంలా ప్రతిఫలింపజేస్తూ, మహిమ నుండి అధిక మహిమను పొందుతూ ఆ పోలికగానే మార్చబడుతున్నాం అంటాడు పౌలు. గ్రీకు మాటకు అద్దంలో చూడటం అనే అర్థమూ ఉంది, అద్దంలా ప్రతిఫలించడం అనే అర్థమూ ఉంది. తెలుగు బైబిల్ రెండోదాన్ని తీసుకుంది. నిజానికి ఒకటి లేకుండా రెండోది లేదు, చూడని అద్దం ప్రతిఫలించలేదు. 'మార్చబడుచున్నాము' అన్నచోట ఉన్న క్రియ రూపాంతర కొండ మీద యేసుకు వాడిన క్రియే. కానీ అక్కడ ఒక్క క్షణంలో జరిగినది ఇక్కడ జరుగుతూ ఉంది, ఇంకా అయిపోలేదు. రోజూ అద్దంలో చూసుకునేవాళ్లకు తమ ముఖంలో మార్పు తెలియదు. రెండేళ్ల తరువాత పండక్కి వచ్చిన పిన్ని గుమ్మంలోనే కనిపెడుతుంది. మోషే కొండ దిగినప్పుడు కూడా తన ముఖం ప్రకాశిస్తున్న సంగతి అతనికి తెలియలేదని నిర్గమకాండం చెప్తుంది. నా ముఖంలో మహిమ ఉందని చెప్పుకునేవాడి గురించి ఆ వాక్యమే చాలు.

ఈ మార్పు దగ్గర నుంచి చూస్తే చాలా చిన్నగా ఉంటుంది. ఒకప్పుడు కంచంలో ఉప్పు తక్కువైతే గిన్నె విసిరికొట్టిన మనిషి ఇప్పుడు లేచి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చుకుంటాడు. ఆటోలో మరిచిపోయిన ఫోన్ చేతికి దొరికితే, మోగేదాకా ఆగి, 'మీ ఫోను నా దగ్గరుందండీ, ఎక్కడికి తెచ్చివ్వమంటారు' అని అడుగుతాడు. వాటాల్లో మాట పడి మాట్లాడుకోని తమ్ముడింటికి, వాడి కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడని తెలిసి, పిలవకుండానే అన్నం క్యారియర్ పట్టుకుని వెళ్తాడు. సాక్ష్యాల సమయంలో ఇవి చెప్పరు, చెప్తే ఎవరూ హల్లెలూయ అనరు కూడా. కానీ కనికరం, దయ, దీర్ఘశాంతం అని మోషే విన్న నామం ఇప్పుడు ఒక మనిషి నడతలో వినపడుతోంది.

యోహాను సువార్త దగ్గరికి వచ్చేసరికి మహిమ అనే మాట మరో మలుపు తిరుగుతుంది. మనుష్యకుమారుడు మహిమ పొందే గడియ వచ్చింది అని యేసు అన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు సింహాసనం అనుకుని ఉంటారు. ఆయన వెంటనే భూమిలో పడి చచ్చే గోధుమ గింజ గురించి మాట్లాడాడు. సిలువ మహిమకు అడ్డు కాదు, ఆ సువార్తలో మహిమ పూర్తిగా కనపడే చోటు అదే. దేవుని మంచితనమంతా, దాని బరువంతా అక్కడ ఒక మనిషి దేహం మీద ఉంది. దీన్ని పక్కన పెట్టి మహిమ గురించి ఎంత మాట్లాడినా అది మళ్లీ వీధి అర్థంలోకే జారిపోతుంది. యేసు చావు నుంచి లేపిన లాజరు సమాధి దగ్గర కూడా ఇంతే. 'నీవు నమ్మినయెడల దేవుని మహిమ చూతువు' అని లాజరు సోదరి మార్తతో అన్న ఆయనే, అంతకు కాస్త ముందు కన్నీళ్లు విడిచాడు. లాజరు లేవడం చూసినవాళ్లలో కొందరు నమ్మారు, కొందరు నేరుగా యేసును వ్యతిరేకించే పరిసయ్యుల దగ్గరికి వెళ్లి చాడీ చెప్పారు. అద్భుతం ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

పౌలు ఈ బరువు సంగతిని త్రాసులో పెట్టి చూపించాడు. క్షణమాత్రముండు మా చులకని శ్రమ, నిత్యమైన మహిమ భారాన్ని కలుగజేస్తోంది అన్నాడు. 'మహిమ భారము' అన్నచోట హీబ్రూ మాటలోని బరువు గ్రీకు రాతలో మళ్లీ తలెత్తింది. చులకని శ్రమ అన్నది ఎవరో చూడాలి. యూదుల చేత అయిదుసార్లు ముప్పై తొమ్మిదేసి దెబ్బలు తిన్న మనిషి, మూడుసార్లు బెత్తాల దెబ్బలు తిన్న మనిషి, మూడుసార్లు ఓడ పగిలి నీళ్లలో పడ్డ మనిషి. దెబ్బ తేలిక అని అతను అనలేదు. ఒక తక్కెడలో అది పెట్టి రెండో తక్కెడలో రాబోయే మహిమను పెట్టాడు, అప్పుడది తేలిపోయింది. శ్రమ లేదని బుకాయించడానికీ దీనికీ చాలా తేడా ఉంది. నొప్పిగా ఉందని చెప్పిన విశ్వాసిని 'నీకు విశ్వాసం లేదు' అని కసిరేవాళ్లు ఈ తేడాను మరిచిపోతున్నారు.

'చులకన' అనే తెలుగు మాట దగ్గర ఇంకాస్త ఆగాలి. దానికి తేలిక అని అర్థం, అవమానం అని కూడా అర్థం. హీబ్రూలో కాబోద్‌కు ఎదురుగా నిలబడే మాటకూ ఈ రెండు అర్థాలే. తేలికగా ఉండటం, తృణీకారానికి గురికావడం. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో సువార్తను మొదట పెద్ద సంఖ్యలో అందుకున్నది మాల, మాదిగ పేటలు. తరతరాలుగా ఊరు వాళ్లను చులకనగా చూసింది. చెరువులో నీళ్లు తాకనివ్వలేదు, పేరు సగమే పలికింది. ఆ పేటలో పూరిపాక మందిరంలో సర్వలోకమూ ఆయన మహిమతో నిండి ఉందని చదివినప్పుడు, సర్వలోకంలో పేట కూడా ఉందని మొదటిసారి తెలిసింది. పొలంలో 'ఒరేయ్' అని పిలిపించుకున్న మనిషి ఆదివారం తెల్లచొక్కా వేసుకుని లేచి లేఖనం చదువుతుంటే సంఘమంతా నిలబడి వినేది. అతణ్ణి అక్కడ 'గారు' అని పిలిచేవాళ్లు. దీన్ని ఒట్టి సామాజిక మార్పు అని చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు. దేవుని బరువు తగిలిన మనిషి తన బరువు తాను తెలుసుకున్నాడు, ఆ తరువాత అతణ్ణి చులకన చేయడం ఎవరికీ అంత సులువు కాలేదు. అదే సంఘాల్లో ఇప్పటికీ కులం చూసి పీఠాలు పంచుకునే సంగతి ఉంటే, అది ఆ మహిమకే చేసే అవమానం.

గుంటూరు చరిత్రలో ఈ బరువును మోసినవాళ్లు కనపడతారు. లూథరన్ మిషనరీ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అప్పటికే యాభైకి దగ్గరపడిన వయసు. డెబ్భై దాటాక, విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో, రాజమండ్రి పని నిలబెట్టడానికి సముద్రం దాటి మళ్లీ వచ్చాడు. అన్నా కూగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో వచ్చింది. ఆమెను వైద్యానికని కాదు, ఇళ్లలో ఆడవాళ్లకు చదువు చెప్పే పనికని పంపారు. ఆమె చదువు చెప్తూనే మందుల పెట్టె తెరిచింది. మగ డాక్టరు తమ చేయి పట్టి నాడి చూడటానికి ఆడవాళ్లు ఒప్పుకోని రోజుల్లో స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేసింది. ఆ పనే ఆస్పత్రి అయింది, గుంటూరులో ఇప్పటికీ ఆమె పేరుతోనే చెప్తారు. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. నలభై ఏడేళ్లు అంటే ఒక రాత్రి సభలో వచ్చిన ఊపుతో గడిచేవి కావు. ఎండలు, కలరా, పురిట్లో చనిపోయిన తల్లులు, ఇవన్నీ చూస్తూ నిలబడటానికి లోపల ఏదో గట్టిగా ఉండాలి.

ఈ బలం మొన్న కూడా పరీక్షకు వచ్చింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు కట్ట తెగి విజయవాడలో సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. నీళ్లు తీశాక ఆ ఇళ్లలో మొదట చేసే పని బురద ఎత్తిపోయడం. తరువాత డాబా మీద పరుపులు, పిల్లల నోటు పుస్తకాలు, వాటి పక్కనే ఉబ్బిపోయిన బైబిల్. తడిసిన సన్న కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి, తొందరపడి లాగితే చిరిగిపోతాయి. ఎండలో పెట్టి, గాలికి ఒక్కొక్కటే విడదీయాలి. ఇరవై తొమ్మిదో కీర్తన ఆ సమయానికి రాసినట్టే ఉంటుంది. దేవునికి మహిమ ఆరోపించండి అని మొదలై, జలాల మీద ఆయన స్వరం వినపడుతోందని చెప్పి, ఆయన ప్రళయజలాల మీద ఆసీనుడయ్యాడంటుంది. వరద రాలేదనదు, వరద మీద ఆయన కూర్చున్నాడంటుంది. చివరి వచనంలో ఆయన తన ప్రజలకు బలం అనుగ్రహిస్తాడని, సమాధానం ఇచ్చి ఆశీర్వదిస్తాడని ముగుస్తుంది. మహిమతో మొదలై బలంతో ముగిసే ఈ దారిలో మధ్యలో ఉన్నది వరదే.

మొదట చెప్పుకున్న మనిషి, సాక్ష్యాల సమయంలో తలొంచుకుని కూర్చున్న మనిషి, ఇంకా అక్కడే ఉన్నాడు. అతని భార్యకు గడ్డ తగ్గలేదు. గుంటూరు పెద్దాస్పత్రి వరండాల్లో ఇలాంటివాళ్లు ఎప్పుడూ కనపడతారు. గోడవారగా చాప, ప్లాస్టిక్ కవర్లో రిపోర్టులు, స్టీలు డబ్బాలో మిగిలిన అన్నం. రాత్రి పదింటికి లైట్లు సగం ఆర్పాక ఒకాయన సెల్‌ఫోన్ వెలుగులో కీర్తన చదివి, నిద్రపట్టని భార్య నుదుటి మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంటాడు. పక్క చాప మీద ఉన్న వేరే ఊరి ముసలమ్మ, ఆమె ఏ మతమో ఎవరికీ తెలియదు, 'నా మనవడిక్కూడా కాస్త చెయ్యి నాయనా' అంటుంది. ఆయన లేచి అటు వెళ్తాడు. తన ఇంట్లో ఏ అద్భుతమూ జరగని మనిషి ఇంకొకరి బిడ్డ కోసం మోకరిస్తాడు. బాహ్య పురుషుడు కృశిస్తున్నా ఆంతర్య పురుషుడు దినదినమూ నూతనపరచబడుతున్నాడని పౌలు రాసినది ఇలాంటి వరండాల గురించే.

లూథరన్ గుళ్లలో ఆరాధన ముగిసేటప్పుడు అయ్యగారు చేతులు చాపి సంఖ్యాకాండంలోని దీవెన చెప్తారు. యెహోవా నీకు తన సన్నిధిని ప్రకాశింపజేసి నిన్ను కరుణించును గాక అని అందులో ఉంటుంది. సన్నిధి అన్నచోట హీబ్రూలో ఉన్నది ముఖం అనే మాట. ఏ నరుడూ చూసి బ్రతకలేడని మోషేకు చెప్పిన ఆ ముఖమే కరుణతో ఇటు తిరగాలని అడగడం ఆ దీవెన. ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కుని వింటారు, పిల్లలు అప్పటికే గుమ్మం వైపు చూస్తుంటారు. ఆమేన్ అన్నాక అందరూ బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటారు.